నూకరత్నం చార్జిలో పదకొండు గుండెలు

మార్చి ముప్పై ఒకటో తేదీ ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు మా డైరెక్టర్ చింతలపాటి రామభద్రరాజు గారికి గుండెపోటు వచ్చింది. ఆఫీసు రికార్డుల ప్రకారం అది ఆయనకు రావడానికి వీల్లేదు. ఆయన గుండె తాలూకు రిస్కంతా తొమ్మిది నెలలుగా మా ఆఫీసు ఊడ్చే నూకరత్నం చార్జిలో ఉంది.

ఇది అర్థం కావాలంటే కిందటి జూన్ నుంచి మొదలుపెట్టాలి.

మాది కొబ్బరి ఉత్పత్తుల ప్రమాణాల సంస్థ. కాకినాడలో మూడంతస్తుల మేడ, లిఫ్టు ఉంది, పనిచేయదు. కొబ్బరిపీచు ఎంత పొడవుండాలో, కొబ్బరికాయకు ఎన్ని కళ్లుండాలో తేల్చేది మేమే. కళ్ల విషయం ఇంకా ఉపసంఘం పరిశీలనలో ఉంది. నేను ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంటుని. పేరు వడ్లమాని లక్ష్మీపతి. ఉద్యోగుల ఫైళ్లన్నీ నా బల్ల మీదుగానే నడుస్తాయి, లేదా నా బల్ల మీదే ఆగుతాయి.

జూన్‌లో హెడ్డాఫీసు నుంచి సర్క్యులర్ వచ్చింది. 'సమీకృత వైద్య విధానం ద్వారా అధికారుల గుండెజబ్బు రిస్కును అంచనా వేసి, తగ్గించి, తగ్గించినట్లు త్రైమాసిక నివేదిక పంపవలెను. మార్చి ఆఖరుకు అత్యల్ప రిస్కు గల కార్యాలయానికి హృదయమిత్ర షీల్డు ప్రదానం చేయబడును.'

ఈ మూడు పనుల్లో మాకు బాగా చేతనైంది మూడోది.

వారం తిరక్కుండా మీటింగు హాల్లో శిబిరం పెట్టారు. గుండె డాక్టరు ఫర్హానా, ఆయుర్వేద వైద్యురాలు విశాలాక్షి, ఒక యోగా మాస్టారు ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ముగ్గురూ దెబ్బలాడుకుంటారని మేం ఆశగా చూశాం. ముగ్గురూ ఒకటే మాట చెప్పారు.

"రాజుగారూ, వచ్చే పదేళ్లలో మీకు గుండెజబ్బు వచ్చే అవకాశం ముప్పై నాలుగు శాతం" అంది డాక్టరు ఫర్హానా. "బీపీ బిళ్ల రోజూ వేసుకోవాలి. సిగరెట్టు మానాలి. రోజూ నలభై నిమిషాలు నడవాలి."

"ఉప్పూ వేపుళ్లూ తగ్గించాలి. పదింటికల్లా పడుకోవాలి" అంది విశాలాక్షి. "నా కషాయం ఆవిడ బిళ్లకి బదులు కాదు. మాస్టారి ప్రాణాయామం మీ నడకకి బదులు కాదు. అన్నీ కలిపి చెయ్యాలి. సమీకృతం అంటే అదే."

"రొయ్యల వేపుడు కూడా తగ్గించాలాండీ?"

"అదే ముందు తగ్గించాలి."

"మరింక పదేళ్లు బతికి ఏం చెయ్యమంటారు తల్లీ?" అన్నారు రాజుగారు దిగాలుగా.

పదకొండు మంది అధికారులకీ అంకెలు వచ్చాయి. ఆ పదకొండులో నేనూ ఒకణ్ణి. నాకూ ఏదో అంకె వచ్చింది, ఏదో మానమన్నారు. అది ఇక్కడ అప్రస్తుతం.

మర్నాడు అధికారుల సమావేశం. రాజుగారు తల పట్టుకున్నారు. "ఏవండీ, పదకొండు మందిమీ నడుచుకుంటూ కూచుంటే ఆఫీసెవరు నడుపుతారండీ? షీల్డు చూస్తే మన చెయ్యి దాటి పోయేలా ఉంది."

అప్పుడు లేచాడు డాక్టర్ ఓరుగంటి శేషఫణి. సమీకృత హృదయ రక్షణకు ప్రత్యేకాధికారి. డాక్టరంటే వైద్యుడు కాదు. ప్రభుత్వ కార్యాలయాల్లో చార్జి అప్పగింతల మీద పరిశోధన చేసి పట్టా తెచ్చుకున్నాడు.

"సార్, మౌలికంగా ఆలోచిద్దాం. రిస్కు అనగా ఒక బాధ్యత. బాధ్యతను రద్దుపరచే అధికారం మనకు లేదు. అప్పగించే అధికారం ఉన్నది. తమరు సెలవులో వెళ్లినపుడు తమ బాధ్యతలు మరొకరికి అదనపు చార్జిగా ఇస్తున్నాం కదా. రిస్కును మాత్రం ఎందుకు ఇవ్వరాదు?"

 హాల్లో అందరూ ఒక్కసారిగా చప్పట్లు కొట్టారు.

ఆ మధ్యాహ్నమే ఫారం తయారైంది. 'నా గుండె తాలూకు 34 శాతం రిస్కును, తత్సంబంధిత నడక, పథ్యం, మందులతో సహా, సక్రమ స్థితిలో అప్పగించితిని.' కింద ఇంకో సంతకం: 'స్వీకరించితిని.' చార్జి ఎప్పుడూ పైనుంచి కిందికే పోతుంది. రెండు గంటలకి రాజుగారి గదిలోంచి బయల్దేరిన రిస్కు డిప్యూటీ డైరెక్టరు దగ్గర అయిదు నిమిషాలాగింది. ఆయన తన ఇరవై ఎనిమిది కలిపి కిందికి తోశాడు. అలా అంతస్తు అంతస్తూ దిగుతూ, దారిలో కనిపించిన రిస్కునల్లా కలుపుకుంటూ, నాలుగున్నరకి మెట్ల కింద చీపుర్లుండే గది దగ్గరికి చేరింది. అక్కడ యాళ్ల నూకరత్నం ఉంది. ఆమె కింద ఎవరూ లేరు.

నూకరత్నానికి నలభై ఒకటి. మనిషి కొరడాలా ఉంటుంది. రోజుకి మూడంతస్తులూ ఇరవై సార్లు ఎక్కి దిగుతుంది. శిబిరంలో సరదాకి ఆమెనీ పరీక్ష చేస్తే రెండు శాతం వచ్చింది. పన్నెండేళ్లుగా కాంట్రాక్టు మీద ఉంది. పర్మనెంటు చేయమన్న దరఖాస్తు నా బల్ల మీద ఉంది. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం అయిదులోగా డైరెక్టరు సంతకంతో, ఆరోగ్య అర్హతతో పేరు హెడ్డాఫీసుకి వెళ్తే ఉద్యోగం నిలబడుతుంది. వెళ్లకపోతే ఏప్రిల్ ఒకటి నుంచి ఆ పని ప్రైవేటు ఏజెన్సీకి పోతుంది.

ఫారం నేనే తీసుకెళ్లాను.

"ఇందులో ఏం రాసుందండీ సూపర్నెంటు గారూ?"

"ఏం లేదమ్మా. ఉత్త కాగితం."

"ఉత్త కాగితమైతే మీ దగ్గరే ఉంచుకోండి. నా దగ్గర బీరువా కూడా లేదు."

"నీ పర్మనెంటు ఫైలు నా బల్ల మీదుంది, తెలుసుగా" అన్నాను. నేను చెప్పింది నిజమే. ఎప్పుడు చెప్పాననేదే కొంచెం ఆలోచించదగ్గ విషయం.

ఆమె నా ముఖంలోకి ఓసారి చూసి సంతకం పెట్టింది. పదకొండు సార్లు.

సాయంత్రానికి మా అధికారుల సగటు రిస్కు సున్నా.

ఆ వారం ఆఫీసులో పండగలా ఉంది. తినకూడనివి తినడానికి ఇప్పుడు రూలు అడ్డం లేదు. డిప్యూటీ గారు డబ్బాల కొద్దీ కాజాలు తెప్పించారు. రాజుగారు అయిదేళ్ల కిందట తగ్గించిన సిగరెట్లు బకాయితో సహా కాల్చడం మొదలెట్టారు. మధ్యాహ్నం రొయ్యల వేపుడు క్యారేజీ విప్పి, "నాదేం లేదండీ, అంతా నూకరత్నం చూసుకుంటుంది" అని నవ్వేవారు.

నూకరత్నం నిజంగానే చూసుకోవాల్సి వచ్చింది. నడకలు, పథ్యాలు చార్జి తీసుకున్నవారే చేయాలని, లేకపోతే అప్పగింత చెల్లదని శేషఫణి సర్క్యులర్ ఇచ్చాడు. మనిషికి నలభై నిమిషాల చొప్పున పదకొండు మంది నడక ఏడు గంటల ఇరవై నిమిషాలు. పొద్దున్నే వచ్చి రిజిస్టరులో 'రాజుగారి నడక ప్రారంభం' అని రాసి ఆవరణ చుట్టూ తిరిగేది. తర్వాత డిప్యూటీ గారి నడక, తర్వాత అకౌంట్సు వారి నడక. మధ్యలో పదకొండు ప్రాణాయామాలు. రాజుగారి తరఫున ఉప్పు, డిప్యూటీ గారి తరఫున తీపి, ఇంకొకరి తరఫున టీ మానేసింది. ఇక ఊడవడానికి టైమెక్కడ? ఆగస్టుకల్లా మెట్ల మీద దుమ్ములో ఎవరు ఎక్కారో, ఎవరు దిగారో అడుగుజాడలు చూసి చెప్పొచ్చు.

"నూకరత్నం, నా గది ఊడ్చి ఎన్నాళ్లయింది?" అని రాజుగారు కిటికీలోంచి కేకేశారు.

"మీ నడకలోనే ఉన్నానండీ రాజుగారండీ! ఇంకా పదహారు నిమిషాలుంది!"

కషాయం కూడా పదకొండు గ్లాసులు తాగించబోతే విశాలాక్షి వచ్చి గ్లాసులు పారబోసి, ప్రత్యేకాధికారిని మూడంతస్తులకీ వినపడేలా తిట్టి వెళ్లింది. కాబట్టి మందులు వాడకుండా 'భద్రపరచవలెను' అని తీర్మానించారు. అందరి బిళ్లలూ ఒక బీరువాలో పెట్టి తాళం ఆమె చేతికిచ్చారు. ఆమె మాత్రం రోజూ ఉదయం బీపీ బిళ్ల, మంచినీళ్లు పట్టుకుని రాజుగారి గదికి వెళ్లేది.

"ఈ ఒక్కటీ మీరేసుకోండయ్యా. ఇది నాకు పడదంట."

"అది నీ చార్జిలో వస్తువమ్మా. నేను మింగితే ప్రభుత్వ ఆస్తి దుర్వినియోగం."

అక్టోబరులో రెండో శిబిరం. అధికారులెవరూ వెళ్లలేదు. అందరి తరఫునా నూకరత్నం వెళ్లి పదకొండు చీటీలతో కూర్చుంది. నేను రిజిస్టరు పట్టుకుని వెనక నిలబడ్డాను.

"అసలు మనుషులేరి?" అంది డాక్టరు ఫర్హానా.

"పనుల మీదున్నారండి. మీరు చెప్పీది నాకు చెప్పండి, నేను చేసేత్తాను."

డాక్టరు పదకొండు చీటీలూ పక్కకి నెట్టింది. తర్వాత రాజుగారికి ఘాటుగా ఒక ఉత్తరం రాసింది. దాన్ని 'చూడబడినది' అని ఫైల్లో పెట్టాను. ఆ తర్వాత డాక్టరు నూకరత్నాన్ని దగ్గరికి పిలిచి ఒక బిళ్లల అట్ట చేతిలో పెట్టింది.

"ఇది యాస్పిరిన్. రాజుగారికి పడుతుందో లేదో చూసే ఇస్తున్నాను. గుండెల మీద బండ పెట్టినట్టు నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు. ఇవి కనిపిస్తే ఆయన చేత ఒకటి నమిలించి, ఆలస్యం చెయ్యకుండా మా ఆసుపత్రికి పట్టుకురా. నువ్వైనా గుర్తుంచుకో."

"గుర్తెట్టుకుంటానండి. అదొక్కటే కదా నా పనిప్పుడు."

నూకరత్నం పర్మనెంటు ఫైలు ఫిబ్రవరిలో వైద్య అర్హత కోసం వెళ్లింది. వారంలో తిరిగొచ్చింది. 'పది శాతం మించి రిస్కు ఉన్నవారు పర్మనెంటు ఉద్యోగానికి అనర్హులు. దరఖాస్తుదారు రిస్కు: 247 శాతం.'

నూకరత్నం నా బల్ల ముందు నిలబడింది.

"ఇందులో నాది రెండండి. మిగతాది మీ అందరిదీ. ఎవరిది వారు తీసేసుకుంటే నా ఉద్యోగం నాకుంటాది."

"తీసుకునేవారు ఒప్పుకోవాలమ్మా. మార్చి ఆఖరున షీల్డు."

"షీల్డు మా అత్తకి తిండి పెట్టదు కదండీ. ముసల్ది నా మీదే బతుకుతాంది."

పదకొండు గదులూ తిరిగింది. రాజుగారు, "ఏప్రిల్లో చూద్దాంలే" అన్నారు. డిప్యూటీ గారు కాజా ఇవ్వబోయి, ఆమె తన తరఫునే తీపి మానేసిందని గుర్తొచ్చి డబ్బా మూసేశారు.

ఇక మార్చి ముప్పై ఒకటి.

హెడ్డాఫీసు నుంచి షీల్డు బృందం వచ్చింది. ముగ్గురు. తెర మీద మా సగటు సున్నా మెరుస్తోంది. గేటు దగ్గర ఆఫీసు జీపుకి తెల్లరంగు వేసి, లోపల స్ట్రెచరు పెట్టి, పైన 'హృదయ రథం' అని రాయించి నిలబెట్టారు. రాజుగారు మైకు పట్టుకుని, "ఆరోగ్యమే..." అన్నారు. రెండో మాట రాలేదు. ఎడమ చెయ్యి పట్టుకున్నారు. నుదుటి మీంచి చెమట ధారగా కారుతోంది.

వెనక వరసలోంచి నూకరత్నం లేచి అరిచింది. "నొప్పొచ్చిందండీ! జీపు తియ్యండి!"

నలుగురం ఆయన్ని కిందికి దింపాం. జీపు దగ్గర శేషఫణి అడ్డంగా నిలబడ్డాడు. చేతిలో రిజిస్టరు.

"ఒక్క నిమిషం. స్ట్రెచరు వినియోగం రిస్కుదారునికి మాత్రమే. సార్ రిస్కు సున్నా. సున్నా రిస్కు గల అధికారికి గుండెపోటు నమోదు చేసినచో బృందం ముందు మన అంకెలన్నీ ప్రశ్నార్థకమగును."

"పడుకోవాల్సింది ఆయనండీ బాబూ! మనిషిని చూడండి, తెల్లగా పాలిపోయారు!" అంది నూకరత్నం.

"ఉద్వేగం వలదు. రిస్కు ఎవరి చార్జిలో ఉన్నదో వారే రోగి. ఆసుపత్రికి సిఫారసు లేఖ కూడా మీ పేరు మీదనే ముద్రించితిని."

రాజుగారు బృందం వైపు చూసి నవ్వే ప్రయత్నం చేశారు. "రూలు... రూలే... నేను బాగానే ఉన్నానండీ" అన్నారు, జీపు తలుపు పట్టుకుని వేలాడుతూ.

నూకరత్నం అటూ ఇటూ చూసింది. "అయితే నేను పడుకుంటేనే బండి కదులుద్దా?"

"అవును."

"సరే" అని ఒక్క గెంతులో జీపెక్కి స్ట్రెచరు మీద వెల్లకిలా పడుకుంది. "అమ్మో నొప్పి! పోనీండి!" శేషఫణి సంతృప్తిగా టిక్కు పెట్టాడు. రోగికి సహాయకులుగా నన్నూ రాజుగారినీ ఎక్కించాడు.

గేటు దాటగానే ఆమె లేచింది. రాజుగారిని రెండు చేతులా పట్టి స్ట్రెచరు మీదికి లాగింది. కొంగు ముడి విప్పి యాస్పిరిన్ అట్ట తీసింది.

"నోరు తెరవండి."

"అది... నీ చార్జిలో..."

"నోరు తెరవండయ్యా! నమలండి. మింగీకండి, నమలండి!"

తొమ్మిది నెలల్లో ఆయన వేసుకున్న మొదటి బిళ్ల అది.

ఆసుపత్రిలో డాక్టరు ఫర్హానాయే ఎదురొచ్చింది. లేఖ చూసింది. "యాళ్ల నూకరత్నం, స్త్రీ, నలభై ఒకటి. ఎవరు?"

"నేనేనండి."

"నొప్పి ఎవరికి?"

"ఆయనకండి. బిళ్ల నమిలించాను. పదకొండూ ఇరవైకి మొదలైందండి."

డాక్టరు లేఖని మడిచి కోటు జేబులో పెట్టుకుంది. "కాగితం తర్వాత చూద్దాం" అని రాజుగారి స్ట్రెచరుని తనే తోసుకుంటూ లోపలికి పరిగెత్తింది. మా సంస్థలో ఎవరూ అనని మాట అది.

మూడున్నరకి రాజుగారు కళ్లు తెరిచారు. గుండె నాళం మూసుకుపోతే తెరిచి స్టెంటు పెట్టారు. ఇంకో గంట ఆలస్యమైతే ఆయన బదులు ఫోటో ఉండేదని డాక్టరు చెప్పింది.

నాలుగింటికి, ఆసుపత్రి వాళ్లని ఎలా ఒప్పించాడో గాని, శేషఫణి షీల్డు చంకన పెట్టుకుని లోపలికొచ్చాడు.

"సార్, శుభాకాంక్షలు. పదకొండు గంటల నాటి అంకెల ప్రకారం ప్రథమ స్థానం మనదే. అయితే ఒక చిక్కు. రికార్డుల్లో స్టెంటు నూకరత్నానికి అమర్చినట్లున్నది. భౌతికంగా తమ వద్ద ఉన్నది. అనగా ఇతరుల చార్జిలోని వస్తువు తమ ఛాతీలో..."

రాజుగారు కళ్లు మూసుకుని అన్నీ విన్నారు. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ నూకరత్నం వైపు చెయ్యి చాపారు. పాతికేళ్ల సర్వీసులో మొదటిసారి ఆయన రూలేమిటని అడగలేదు.

"ఇటియ్యమ్మా. నాది నాకిచ్చెయ్యి."

ఆమె సంచిలోంచి పదకొండు ఫారాలూ తీసింది. రోజూ వెంట తెచ్చుకునేదట. రాజుగారు తన ఫారం మీద 'తిరిగి స్వీకరించితిని' అని సంతకం పెట్టారు. ఆమె పర్మనెంటు ఉత్తర్వు, గడువు రోజు కాబట్టి పొద్దుట్నుంచీ వెంట ఉంచుకున్న నా ఫైల్లో ఉంది. దాని మీదా పెట్టి నాకిచ్చారు. "మొత్తం పది లోపు దిగగానే పంపించెయ్యండి. అయిదులోపు."

ఈలోగా వరండాలో అలికిడి. రాజుగారికి గుండెపోటంటే ఆఫీసంతా వచ్చేసింది. డిప్యూటీ గారు తలుపు అద్దంలోంచి వైర్ల మధ్య పడుకున్న రాజుగారిని చూసి, నోట్లో ఉన్న కాజా ముక్క చేతిలోకి తీసుకుని, ఎక్కడ పారెయ్యాలో తెలీక జేబులో వేసుకున్నారు.

"నాదిచ్చెయ్ నూకరత్నం! నా బిళ్లలు కూడా!"

"నాది ముందు! నేను రెండో అంతస్తు నుంచి వచ్చాను!"

తొమ్మిది నెలల కిందట వదిలించుకోవడానికి పడిన తొందరకి రెట్టింపు తొందరలో వరస కట్టారు. ఆమె బెంచీ మీద కూర్చుని ఒక్కొక్కరి పేరూ పిలిచి, ఫారంతో పాటు ఎవరు ఏ బిళ్ల ఎప్పుడు వేసుకోవాలో, ఏది మానాలో కాగితం చూడకుండా చెప్పింది. ఆ చెప్పడం విని డాక్టరు ఫర్హానా తలుపు దగ్గరే ఆగిపోయింది.

నాలుగూ నలభై అయిదు. వరండా ఖాళీ అయింది. నేను కూడిక వేసి చూశాను. పదహారు.

పది దాటితే అనర్హత.

"ఆమె రెండు పోతే పద్నాలుగు ఎవరిది?" అన్నాడు శేషఫణి రిజిస్టరు తిప్పుతూ.

 నూకరత్నం చివరి ఫారం తెచ్చి నా ముందు పెట్టింది. ఆ సంతకం నేను బాగా ఎరిగిందే.

"సూపర్నెంటు గారూ, మీదొకటి మిగిలిపోయిందండి."

రాజుగారికి పోటు వచ్చింది కాబట్టి ఆయన తీసుకున్నారు. మిగతావాళ్లు ఆయన్ని చూసి తీసుకున్నారు. నాకేం కాలేదు. పద్నాలుగంటే పెద్ద అంకె కాదు. తీసుకుంటే రేపట్నుంచి నడక, బిళ్ల, పథ్యం. 'ఉత్త కాగితం' అని ఆ రోజు మెట్ల కింద నేను చెప్పిన మాట ఆమె ఇప్పుడు తిరిగి చెప్పొచ్చు. చెప్పలేదు. గోడ గడియారంలో ముల్లు కదిలింది. ఉత్తర్వు నా చేతిలోనే ఉంది. నా బల్ల లేకపోయినా ఫైలు నా దగ్గరే ఆగింది.

సంతకం పెట్టాను. నాలుగూ యాభై మూడుకి ఆసుపత్రి కౌంటరు నుంచే ఉత్తర్వు హెడ్డాఫీసుకి మెయిల్లో పంపాను. అందినట్టు జవాబొచ్చేదాకా ఆమె నా పక్కనే నిలబడి, అందిందని చూశాక ముఖం కొంగుతో తుడుచుకుంది.

"మీకు బిళ్ల రాత్రి పూటండి. నడక రేపట్నుంచి మీరే నడుచుకోండి. నేను మెట్లు కడగాలి, తొమ్మిది నెలల దుమ్ముంది" అంది.

"నాకేదో మానమన్నారు..." అన్నాను. నిజానికి నాకు గుర్తుంది. ఈ తొమ్మిది నెలలూ ఒక్కపూట తప్పకుండా తిన్నాను.

"పెరుగు మీద మీగడండి. మా అత్త నాకోసం రోజూ తీసి పక్కనెట్టీది. సూపర్నెంటు గారికి పడదత్తా అని ఆవిడకే తినిపించేసీదాన్ని." సంచి భుజాన వేసుకుని రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "ఇయ్యాల ఇంటికెళ్లి నేను వేసుకుంటానండి. మీరు మాత్రం వేసుకోకండి."